పదిహేడో పేజీ

"ఇందులో భయం ఎక్కడుందండీ?"

ఆవిడ పుస్తకాన్ని కౌంటర్ మీద పెట్టి అడిగింది. అట్ట మీద ఎర్రకళ్ళ మాంత్రికుడు గుడ్లురిమి చూస్తున్నాడు. లైబ్రేరియన్ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మాంత్రికుడు ఉన్నాడు కదండీ."

"ఉన్నాడు. మూడొందల పేజీలూ శపిస్తా శపిస్తా అంటూ తిరుగుతాడు. ఒక్కణ్ణీ శపించడు. మా డ్రిల్లు మాస్టారు నయం, పిల్లలు కనీసం ఆయన్ని చూసి దాక్కునేవాళ్ళు."

ఆవిడ ఫిజిక్స్ టీచరు. చీకటి లోకాల కథలన్నా, సైన్స్ ఫిక్షన్ అన్నా చెవి కోసుకుంటుంది. అలాగని ఏది పడితే అది చదవదు. కథలో రాకెట్ ఎగిరితే లెక్క సరిపోవాలి. దెయ్యం వస్తే దానికో కారణం ఉండాలి. అలాంటివి ఏరుకోవడానికి ఆవిడకో పద్ధతి ఉంది. మొదటి పేజీ ఎవరైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తారు కాబట్టి దాన్ని నమ్మదు. తిన్నగా పదిహేడో పేజీ తీస్తుంది. రాసినవాళ్ళ దగ్గర సరుకెంతుందో అక్కడ బయటపడిపోతుంది.

ఆ పేజీలోనే ఆవిడకు చుక్కలు కనిపించాయి.

పెన్సిల్ చుక్కలు. పేజీ అడుగున, అంకె పక్కన. లైబ్రరీ పుస్తకాల్లో ఇది మామూలే. చదివేసిన పుస్తకాన్నే మళ్ళీ పట్టుకుపోకుండా పాత పాఠకులు తలో గుర్తు పెట్టుకుంటారు. కానీ ఈ చుక్కలకో లెక్క ఉందని ఆవిడ కనిపెట్టింది. ఒక్కటి ఉంటే ఆ పుస్తకం దండగ. రెండైతే ఫరవాలేదు. మూడుంటే ఇక అన్నం సంగతి కూడా గుర్తుండదు.

"మీరిచ్చారు కదా అని చూడకుండా తీసుకున్నాను. దీనికి ఒక్కటే చుక్క," అంది మాంత్రికుణ్ణి అవతలికి నెడుతూ.

ఆయన లేచి వెళ్ళి, లోపలి అలమరలోంచి నల్ల అట్ట పుస్తకం ఒకటి తెచ్చాడు.

"ఇది చూడు... చూడండి. నచ్చుతుంది."

ఆవిడ నొసలు ముడిపడింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చనువు ఆవిడకు పడదు. అయినా పదిహేడో పేజీ తీసింది. మూడు చుక్కలు. కోపం అక్కడే ఎగిరిపోయింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టింది.

రోజుకో తలుపు మాయమయ్యే ఇంటి కథ అది. ఆ ఇంటావిడ ఒక మధ్యాహ్నం వంటగదికి బయలుదేరి, తలుపు ఉండాల్సిన చోట చెయ్యి పెడుతుంది. గోడ తగులుతుంది. అక్కడ తలుపు ఉండేదా అని ఆమెకే అనుమానం వస్తుంది.

ఆవిడకు ఒళ్ళు జలదరించింది. నోరు ఎండిపోయి నీళ్ళ సీసా కోసం చెయ్యి చాపింది.

అదే పేరా పక్కన, మార్జిన్‌లో, పెన్సిల్‌తో కొక్కిరిబిక్కిరిగా రాసి ఉంది.

"ఇక్కడ కాసిని నీళ్ళు తాగు."

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఫ్యాన్ ఒక్కటే కిర్రుమంటూ తిరుగుతోంది. తన భుజం మీదుగా ఎవరో తనతోపాటే చదువుతున్నట్టుంది. నిజంగా భయం వేసింది. చాలా కాలం తర్వాత సంతోషం కూడా వేసింది. ఇది రాసిన మనిషి చనువు మాత్రం ఆవిడకు తప్పనిపించలేదు.

పుస్తకం తెరిచినది తెరిచినట్టే పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, ఈ చుక్కలు పెట్టేదెవరు?"

ఆయన పుస్తకం వైపు చూడలేదు. "అలాంటివి చెప్పకూడదండీ. రూలు."

"మీ రూలు దాచిపెట్టుకోండి. నాకు ఈ పుస్తకాల గురించి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి లేరు. ఈమధ్య ఎక్కడ కూర్చున్నా పరాయి ఇంట్లో కూర్చున్నట్టే ఉంటోంది. ఈ చుక్కలు చూసినప్పుడే నావాళ్ళెవరో ఉన్నారనిపిస్తుంది. ఒక్కసారి కలిపించండి చాలు."

ఆయన కౌంటర్ మీది మాంత్రికుణ్ణి తీసి పక్కన పెట్టాడు.

"ఆవిడ ఇప్పుడు రావడం లేదండీ," అన్నాడు చివరికి.

"పోయిందా?"

"లేదు. ఆరోగ్యంగానే ఉంది. రావడమే తగ్గిపోయింది. మొదట్లో ఎప్పుడో ఒక రోజు రాకపోయేది. తర్వాత వారాలు. అలా కొంచెం కొంచెంగా."

"మీరు వెళ్ళి పిలవలేకపోయారా?"

"పిలిచానండీ."

"మీకు ఆవిడ బాగా తెలుసా?"

"తెలుసనే అనుకునేవాణ్ణి."

ఆవిడకు ఆయన మీద జాలి కలిగింది. ఎందుకో ఆవిడకే తెలియలేదు. కౌంటర్ మీది కాగితం ముక్క తీసుకుని నిలబడే రాసింది. 'మూడు చుక్కల పుస్తకాలు నాకూ ఇష్టం. నీళ్ళు తాగాను. మీరు ఎప్పుడు వచ్చినా నేను కిటికీ పక్కనే ఉంటాను.'

"ఎప్పుడైనా వస్తే ఇది ఇవ్వండి."

"తప్పకుండా."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశాడు. సొరుగు ఒక పట్టాన మూసుకోలేదు. లోపల అప్పటికే ఉన్న నాలుగు మడతల కాగితాలను అరచేత్తో అదిమి, గట్టిగా నెట్టాల్సి వచ్చింది.

ఆవిడ కిటికీ పక్కకు వెళ్ళిపోయి, మిగిలిన తలుపులు ఎన్నో లెక్కపెట్టుకుంటూ చదువుకుంది. బయట ఎండ తగ్గింది. వీధిలో బడి పిల్లలు వెళ్ళిపోయారు. ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా ఆవిడ తలెత్తి గుమ్మం వైపు చూసింది.

ఆరున్నరకు లైబ్రేరియన్ ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ముప్ఫై ఏళ్ళపాటు ఆ చుక్కలు పెట్టిన తన భార్య కాళ్ళకు చెప్పులు తొడిగాడు.