తూచే గడప

అన్నపూర్ణా, జగజ్జననీ, నీ గరిటె ఏ బిడ్డ విస్తరినీ దాటిపోకుండుగాక.

గడప తొక్కరాదన్న ఆచారం అంతరించి, ప్రతి ఇంటి గడపా వారం వారం పిల్లలను తూచే కాలమది. బక్కచిక్కిన బిడ్డకు పాలు, గుడ్డు వస్తాయి. మూడు వారాలకూ బరువు పెరగకుంటే బండి వచ్చి శరణాలయానికి తీసుకుపోతుంది. అలా పోయిన పిల్లలెవ్వరూ ఆ పల్లెకు తిరిగి రాలేదు.

ఓబులమ్మ ఇంట వేరే తిండి లేక, వచ్చిన గుడ్డునే తల్లీకూతుళ్లు పంచుకున్నారు. నేడు మూడవ వారం. ఆమె తన ఆరేళ్ల కూతురు సుంకులు పావడా అంచులో గులకరాళ్లు కుట్టింది.

"మ్మా, రాళ్లు సప్పుడైతాయేమో!"

"కదలకుండా నిలబడు తల్లీ. ఎగరబాకు."

"ఆకలైతాంటే యాడ ఎగురుతా?"

వాకిట బండి ఆగి ఉన్నది. సుంకులు గడపపై నిలిచింది. గడప మృదువుగా పలికింది: "బిడ్డ ఆరోగ్యంగా ఉన్నది. రేపటి నుండి ఈ ఇంటికి పాలు, గుడ్డు అవసరం లేదు."

బండి వెళ్లిపోయింది. ఓబులమ్మ కూతురిని గట్టిగా హత్తుకున్నది.

"మ్మా, గుడ్డు రాకుంటే వచ్చే వారం ఇంకొన్ని రాళ్లు కుడ్తావా?"

ఈ కథ విన్నవారి ఇళ్లలోను, విననివారి ఇళ్లలోను పసివారి కడుపులు చల్లగా ఉండుగాక.