నాలుగో వరుస

గన్‌ఫౌండ్రీలోని డాన్సు క్లాసు తలుపు మీద వార్షికోత్సవం జాబితా అంటించారు.

నాయిక వేషం ఎదురుగా జిప్పోరా పేరు కొట్టేసి, ఇంకో అమ్మాయి పేరు రాశారు.

పన్నెండేళ్లు కూచిపూడి నేర్చుకుంది జిప్పోరా. చర్చిలో కొందరు కాదన్నా పంపిన తండ్రి, ఇప్పుడు ఆ చర్చివాళ్లందరినీ ఆదివారం సాయంత్రం నాంపల్లిలో ప్రదర్శనకు పిలిచేశాడు.

మాస్టారు తల ఎత్తలేదు. డాన్సుకు తాళం వేయడానికి నాలుగు నెలల కిందట చేరిన లక్ష్మీనర్సమ్మ చెబితేనే మార్చానన్నాడు.

జిప్పోరా నేరుగా ఆమె దగ్గరికి వెళ్లింది.

"నేనేం తప్పు చేసిన మేడమ్?"

"తప్పేం లేదు బిడ్డా. కాళ్లు మంచిగనే ఆడుతున్నయి. ముఖంల భావమే నాలుగో వరుస దాటదు. వెనుక కూసున్నోళ్లకు ఏం కనపడ్తది?"

"గీ మాట ఇన్నాళ్లు ఎందుకు చెప్పలే?"

ఆమె తర్వాతి పిల్లను పిలిచి తాళం అందుకుంది.

జిప్పోరా ఆ క్లాసు మెట్లు మళ్లీ ఎక్కలేదు.

ఆదివారం ఉదయం ఒక సినిమా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రం ఆరింటికి స్క్రీన్ టెస్టు. ప్రదర్శన మొదలయ్యే వేళ. ఇంట్లో కూర్చుని ఏడవడం కన్నా నయమని వెళ్లింది.

కెమెరా ముందు రెప్పలు కొద్దిగా వాల్చిందంతే.

"చాలు," అన్నాడు దర్శకుడు కిషన్. "స్టేజీ నుంచి వచ్చినోళ్లందరికీ ముఖంల భావం తగ్గించుమని చెప్పి చెప్పి నా గొంతు పోతది. నీకు ఆ అవసరం లేదు."

మొదట హీరోయిన్ చెల్లెలి వేషం. తర్వాత ఒక వెబ్ సిరీస్. ఐదేళ్లకు హీరోయిన్.

ప్రతి ఇంటర్వ్యూలో ఆ జాబితా సంగతి చెప్పేది. ఒకసారి లక్ష్మీనర్సమ్మ పేరు కూడా చెప్పేసింది. ఆ వీడియో లక్షల మంది చూశారు. ఆ తర్వాత ఏ డాన్సు క్లాసూ ఆమెను రానివ్వలేదని విన్నప్పుడు కూడా జిప్పోరాకు జాలి కలగలేదు.

మొన్న అబిడ్స్‌లో షూటింగు విరామంలో కిషన్‌ను అడిగింది.

"సార్, అప్పుడు నా నంబరు మీకెవరిచ్చిన్రు?"

అతను చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"పోయిన నెల చనిపోయింది, ఇంక చెప్పొచ్చు. మాకు టెస్టు పెట్టడానికి ఆ ఒక్క రోజే ఉండె. స్టేజీ ఉంటే ఈ పిల్ల రాదు, నేను ఆపుతా అన్నది. నీ ఇంటర్వ్యూ చూసి నిజం చెప్పేస్తనన్నా ఒప్పుకోలే. పిల్లను మోసం చేసిన మాట నిజమే కదా, తిట్టనీ అన్నది."

"ఎవరు సార్?"

"పిల్లల ముఖాలు దగ్గర్నుంచి చూడ్డానికే డాన్సు క్లాసుల్లో చేరి, ఇరవై ఏండ్లు మా సినిమాలకు కొత్తోళ్లను వెతికిపెట్టిన లక్ష్మీనర్సమ్మ."