డెన్మార్క్‌ని గెలిచిన మోకాళ్లు

"చెంజెరాయ్, ఈ నొప్పి ప్రశ్నల కాగితాలన్నీ బీరు దుకాణంలో కూర్చుని నువ్వే నింపావు కదూ?" రాజధాని హరారే నుంచి మా పల్లెకి వచ్చిన డాక్టరమ్మ న్యారద్జో, ఇంటింటికీ తిరిగి నొప్పులు రాసుకునే నన్ను నిలదీసింది. "అన్ని దేశాలూ పక్కపక్కన పెట్టి చూశాం. డెన్మార్క్‌లో పాతికేళ్ల కుర్రాడి నొప్పికే పదికి ఆరు మార్కులు. మీ ఎనభై ఏళ్ల సెకాయి అవ్వకి సున్నానా?"

"అమ్మతోడు, చెప్పిందే రాశానండీ! మా అవ్వ మొన్న ఏనుగునే తరిమింది."

"అబద్ధమని తేలితే నీ ఉద్యోగానికి ఇవాళే ఆఖరు."

ఇద్దరం అవ్వ గుడిసెకి వెళ్లాం. అవ్వ మా ఆచారం ప్రకారం మెల్లగా చప్పట్లు కొట్టి పలకరించింది.

"మోకాళ్లు ఎలా ఉన్నాయవ్వా?" డాక్టరమ్మ అడిగింది.

"నువ్వు బాగుంటే నేనూ బాగున్నట్టే బిడ్డా. నీకెలా ఉంది?"

"ముందే నేర్పించి పెట్టావా?" అన్నట్టు డాక్టరమ్మ నాకేసి చూసింది. తర్వాత నిట్టూర్చింది. "నాకేం బాలేదవ్వా. బస్సు కుదుపులకి నడుం విరిగిపోయింది."

"అయ్యో తల్లీ, ఆ ముక్క ముందే చెప్పొద్దూ! నా మోకాళ్లు మూడు నెలలుగా నిప్పుల్లో పెట్టినట్టున్నాయి."

"మరి ఇతనితో నొప్పేం లేదన్నావే?"

"వీడు దున్నపోతులా నవ్వుతూ వచ్చాడు. బాగున్నవాడి ముందు మూలగడం మర్యాదేనా?"

డాక్టరమ్మ కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. "అందర్నీ మళ్లీ అడుగు. ముందు నీ నొప్పి చెప్పి అడుగు."

"నాకు నొప్పేం లేదండీ."

బూటుకాలితో నా పాదం గట్టిగా తొక్కింది.

"ఇప్పుడుంది. వెళ్లు."