నీలమా, నలుపా

"ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైంది," అన్నాడు రాఘవేంద్ర.

"సరిగ్గానే ఉంది. మీ నాలుకే మొద్దుబారింది," అంది భాగ్య.

"నా నాలుకా? నిన్న చారు కూడా ఇంతే."

"ఆ చారునే కదా రెండుసార్లు పోయించుకుని తాగినారు!"

ఇద్దరూ ఒక్కసారే కూతురి వైపు తిరిగారు.

"నువ్వు సెప్పు పాపా. ఎక్కువైందా, సరిపోయిందా?"

నోట్లో ముద్ద ఉన్న నాగవేణి బిక్కమొహం వేసింది. "ఏమో... నాకు తెల్దు."

రాఘవేంద్ర నవ్వాడు. భాగ్యకు మాత్రం నవ్వు రాలేదు. తన నోట్లోని ఉప్పు సంగతే చెప్పలేని పిల్ల, ఆదివారం ఆదోని పోయి గురుకులం పరీక్ష ఏం రాస్తుంది?

చదువు రాక కాదు. ఇంట్లో లెక్కలన్నీ టకటకా చేస్తుంది. బళ్లో టీచరు లేపి అడిగితే మాత్రం "ఏమో" తప్ప మరో మాట పెగలదు. హాల్ టికెట్ వచ్చిన రోజు నుంచీ ఒకటే పాట. "నేను పోను మా. నాకు రాదు."

అప్పుడే వాకిట్లో బండి ఆగింది. నడిపే మనిషి ఒక పెద్దాయనను చెయ్యి పట్టి అరుగు ఎక్కించి, తన దారిన పోయాడు.

"రాఘవేంద్ర ఇల్లు ఇదేనా అప్పా? పడుగు అతకను బజారి పంపించినాడు. నన్ను తిక్కయ్య అంటారు."

ఎప్పుడూ వచ్చే బజారి జ్వరంతో పడుకుని, తన బదులు ఆదోని మనిషిని పంపాడన్నమాట. రాఘవేంద్ర ఆయనను మగ్గం దగ్గర కూర్చోబెట్టి, ఏమన్నా కావాలంటే పాపను అడగమని చెప్పి, నూలు కోసం సొసైటీకి వెళ్లిపోయాడు.

మగ్గం మీది పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. మూడు వేల పైచిలుకు పోగులు. వాటిలో ముదురు నీలం చారలు, నల్ల చారలు. ఒక్క పోగు జరిగినా చీర పొడుగునా తప్పు కనిపిస్తుంది.

పోగు జారకుండా తిక్కయ్య వేళ్లకు బూడిద రాసుకున్నాడు.

"పాపా, బడి లేదా ఈ పొద్దు?"

"సెలవు తాతా."

"అయితే ఈడ కూకో. నాకు రంగులు సెప్దువు."

"నాకు రాదు తాతా."

"రంగులు గూడా రావా! సరే, ఇదేంది? నీలమా, నలుపా?"

"ఏమో."

తిక్కయ్య చెయ్యి ఆగిపోయింది. రెండు కొసలూ వేళ్ల మధ్య పట్టుకుని, ఊళ్లో పనేమీ లేనివాడిలా కూర్చున్నాడు.

వంటింటి గడపలో నిలబడి చూస్తున్న భాగ్యకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏమప్పా, కూలి నీకు, పని మా పాపకా? దానికి సదువుకునేది ఉంది."

"మెలేసేది నేనే లేమ్మా. పాప సెప్తాది. సెప్పేదాకా నా చెయ్యి కదలదు."

నాగవేణి తల్లి వైపు చూసింది. తాత వైపు చూసింది. చివరికి పోగు మీదికి వంగి, వెలుతురుకు తిప్పి చూసింది.

"నీలం."

"రెండూనా?"

"రెండూ."

చిటికెలో మెలి పడింది. "ఇంగ తర్వాతది?"

భాగ్య విసుక్కుంటూ లోపలికి వెళ్లింది. ఆయన పోగుల వైపు చూడకుండానే వేళ్లు పని చేసుకుపోతున్నాయి. ఇంత చెయ్యి తిరిగినవాడు పసిపిల్లను అడగడమేమిటి, ఆట పట్టించడం కాకపోతే?

మధ్యాహ్నానికి "ఏమో"లు తగ్గాయి. ఉన్నట్టుండి నాగవేణి అరిచింది.

"ఆగు ఆగు తాతా! ఇందాకటిది నలుపు. నేను నీలమని తప్పు సెప్తిని."

అని, ఏడుపు మొహం పెట్టింది.

"యాడ? వేలు పెట్టు."

ఆమె వేలు పెట్టిన చోటు తడిమి, మెలి విప్పి, మళ్లీ వేశాడు తిక్కయ్య.

"తప్పు సెప్పిందీ నువ్వే, కనుక్కున్నిందీ నువ్వే. ఇంగ నాకేం భయం తల్లీ?"

ఆ తర్వాత ఆమె గొంతు వంటింటి దాకా వినిపించింది. నీలం! నీలం! నలుపు!

సాయంత్రానికి పని ముగిసింది. తిక్కయ్య నాగవేణి భుజం మీద చెయ్యేసి బస్టాండుకు బయలుదేరాడు.

రాఘవేంద్ర వచ్చి అతుకులు ఇవతలికి లాగి చూసుకున్నాడు. చారకు చార కలిసింది. ఒక్క పోగు తప్పలేదు.

ఏడు గంటలకు ముగ్గురూ రొట్టె, పుండికూర ముందు కూర్చున్నారు.

"ఏం కండ్లప్పా ఆయప్పవి! ఆ నలుపూ ఈ నీలమూ ఒక్కోసారి నాకే తెల్దు," అన్నాడు రాఘవేంద్ర.

"తెలీక అడిగినాడా ఏంది?" భాగ్య గొంతు తగ్గింది. "మన పాపకు ధైర్యం రావాలని తెలీనట్టు నటించినాడు. నేనే నోరు జారితిని. ఒక గ్లాసు టీ అన్నా ఇయ్యకపోతిని. ఈపాటికి బస్సు ఆదోని చేరుంటాది."

నాగవేణి రొట్టె తుంచడం ఆపింది.

"మా, ఆదివారం నేను పరీక్షకు పోతా."

భాగ్య గరిటె కింద పెట్టింది. "నిజంగానా? మళ్లా ఆదివారం పొద్దున ఏమో అంటావా?"

"అనను. హాల్ టికెట్ నాకియ్యి. నేనే పెట్టుకుంటా."

రాఘవేంద్ర పకపకా నవ్వాడు. "సూస్తివా భాగ్యా, ముసలాయన నటన ఎంత పని చేసిందో!"

నాగవేణి తల అడ్డంగా ఊపింది.

"తాత నటించలే నాయనా. బస్సు బోర్డు గూడా నేనే సదివి ఎక్కిస్తిని. ఆయప్పకు కండ్లు పోయి మూడేండ్లయిందంట."