తడి రోడ్డు

మా కెమెరామన్‌కి పొడి రోడ్డంటే ఒళ్లుమంట. "లైటు పడితే మెరవాలయ్యా. లేకపోతే రాత్రి సీనంతా బొగ్గే," అంటూ సగం ట్యాంకర్ నీళ్లు వీధిలో కుమ్మరింపించాడు. తారు అద్దంలా మెరిసింది. అందులో తన గొప్పతనమే కనిపించినట్టు తెగ మురిసిపోయాడు.

క్రేను మీద వెన్నెల లైటు కట్టి నేను కిందికి దిగేసరికి, ఎదురింటి ముసలమ్మ బకెట్ పట్టుకుని నిలబడి ఉంది.

"కుళాయిలో నీళ్లొచ్చి నాలుగు రోజులైంది నాయనా. ఒక్క బకెట్ పట్టుకోనా?"

ట్యాంకర్ పైపు అందించాను. బకెట్ నిండింది. ఆమె దాన్ని ఈడ్చుకుంటూ మా వెన్నెల్లోకి నడిచింది.

"ఆగండి మామ్మగారూ," అన్నాడు కెమెరామన్. "ఇలాంటి ముఖం కోసమే నెల రోజులుగా వెతుకుతున్నాను. షాట్‌లో మీరే నడవాలి."

ముసలమ్మ సిగ్గుపడి జుట్టు సర్దుకుంది. ఆయనే ఎంతో మర్యాదగా వచ్చి, బకెట్ అందుకుని, నీళ్లన్నీ రోడ్డు మీద ఒంపేశాడు.

"ఖాళీగా ఉండాలి మామ్మగారూ. మనది నీటి కరువు మీద సినిమా."

తర్వాత తడిసిన చోటుకేసి చూసి, తృప్తిగా నాతో అన్నాడు.

"ఇందాకటిదాకా ఇక్కడే కాస్త పొడిగా కనిపించిందయ్యా."