నలుపు తగ్గించన్నా

"నేను చెట్టు కాను మిస్. ఆ పిల్ల నేనే."

అంబిక లేచి నిలబడి గట్టిగానే చెప్పింది.

క్లాసంతా నవ్వింది.

నళిని మిస్ నవ్వలేదు. బడి పండక్కి వేసే నాటకం అంబిక తెచ్చిన బొమ్మల పుస్తకంలోదే. ఎండిపోయిన ఏట్లోకి నీళ్ళు తెచ్చే పిల్ల కథ. ఎవరో పెన్సిల్‌తో గీసి, దారంతో కుట్టినారు. అట్ట మీద పేరు లేదు. వేలూరు ఆస్పత్రిలో చానా దినాలుండి, మొన్ననే బడికి తిరిగొచ్చిన అంబిక దాన్ని సంచీలో పెట్టుకొచ్చింది.

"పుస్తకం నీదైతే వేషం కూడా నీదేనా?" అనింది మిస్. "అది గౌతమి వేస్తాది. గౌతమి ఎర్రగా, బొమ్మ మాదిరి ఉంటాది. నువ్వు చెట్టు."

"చెట్టు వెయ్యను మిస్."

"అయితే ఊరికే కూర్చో."

అంబిక కూర్చోలేదు. గంట కొట్టేదాకా నిలబడే ఉండింది.

మధ్యాన్నం నళిని ఆ పుస్తకం తీసుకుని గుడియాత్తం బస్టాండు పక్కన గోవిందరాజులు జెరాక్స్ అంగడికి పోయింది.

మిషన్లోంచి మొదటి కాగితం వచ్చింది.

"ఏందన్నా, పిల్ల మొగం ఇంత నల్లగా పడింది?"

"పుస్తకంలోనే అట్ల ఉండాది కదమ్మా."

"పెన్సిలు పామేసినట్టుండారు. నలుపు తగ్గించన్నా. కాలు చూడు, అదీ వంకరే. గీసినోళ్ళకి కాళ్ళు గీసేది రాదు."

గోవిందరాజులు ఏదో మీట నొక్కినాడు. ఈసారి పిల్ల మొగం తెల్లకాగితమైపోయింది. రెండు కండ్లు, రెండు జడలు మిగిలినాయి.

"ఇప్పుడు లక్షణంగా ఉండాది. ఇట్లే కట్టంతా తియ్యి."

బెంచీ మీద ఒక ఆఫ్రికా ఆమె కూర్చోనుంది. పొడుగు మనిషి. పక్కన కొత్త లుంగీల మూట. రైలు టికెట్టు జెరాక్స్ కోసం చేతిలో పట్టుకోనుంది.

గోవిందరాజులు ఆమె వైపు చూసి, తెలుగులో అన్నాడు.

"ఈమెని మిషన్లో పెడితే ఇంకు డబ్బా ఒక్క దెబ్బకే అయిపోతాది."

నళిని నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. "మెల్లగా అన్నా."

"మన తెలుగు ఆమెకి యాడ తెలుస్తాది? ఈ ఊరి తమిళమే రాదు."

ఆమె లేచి వచ్చింది. కట్ట మీది కాగితం తీసి చూసింది.

"ఈ పాప మొగం యాడికి పోయె?"

తెలుగే.

గోవిందరాజులు చెయ్యి మిషన్ మూత మీదే ఆగిపోయింది.

"నీకు తెలుగు ఎట్ల వచ్చునమ్మా?"

"వేలూరు ఆస్పత్రిలో నా కొడుక్కి వైద్యం. వార్డులో ఒకామె దినామూ మొగుణ్ణి ఫోన్లో తిడతా ఉండె. విని విని వచ్చేసె."

నవ్వాలో వద్దో ఇద్దరికీ తెలీలేదు.

"ఈ పుస్తకం?" అని అడిగింది ఆమె.

"మా బళ్ళో పిల్లది," అనింది నళిని. "నాటకం వేస్తా ఉండాము."

"ఆ పిల్లకి ఏం వేషం?"

"చెట్టు."

ఆమె పుస్తకం అట్ట మీద చెయ్యి పెట్టింది.

"బడి దూరమా?"

"దూరమే. ఊరి బయట."

ఆమె టికెట్టు చూసుకునింది. సాయంత్రం కాట్పాడిలో రైలు. బయట కండక్టరు కాట్పాడి, వేలూరు అని అరుస్తా ఉండాడు.

నిలబడి ఆలోచించింది. మళ్ళీ బెంచీ మీద కూర్చుంది.

"నల్ల స్కెచ్ పెన్ను ఉంటే ఇయ్యి నాయనా."

కట్టంతా ఒళ్ళో పెట్టుకుని తెల్లబోయిన మొగాలకి నలుపు దిద్దడం మొదలుపెట్టింది. ఒక కాగితం, ఇంకొక కాగితం. పుస్తకం వైపు చూడను కూడా చూడలేదు.

"ఎందుకమ్మా ఈ పని?" అనింది నళిని. "సరే, నల్లగానే ఉండనీ. గౌతమికి మసి పూసి నిలబెడతాము. సినిమాల్లో అట్లే కదా చేసేది."

పెన్ను ఆగింది.

"బళ్ళో నల్లపిల్ల లేదా?"

నళిని కొంగు సర్దుకునింది.

"చిన్నప్పుడు నేను చదివిన పుస్తకాల్లో పిల్లలందరూ తెల్లగా ఉండ్రి. నల్లగా ఉండేది దెయ్యం ఒకటే. అప్పుడు నేను నోరు మూసుకుంటి. ఇప్పుడు మూసుకోను."

ఒక కాగితం ఎత్తి నళిని మొగానికి ఎదురుగా పట్టింది.

"ఈ పిల్ల నల్లది. కాలు ఈడుస్తాది. నీళ్ళు తెచ్చింది ఈ పిల్లే. మసి పూసుకున్న పిల్ల కాదు."

ఒక బస్సు పోయింది. దాని వెనక ఇంకొకటి పోయింది. ఆమె తల ఎత్తలేదు.

ఆఖరి మొగం దిద్ది, కట్ట నళిని చేతిలో పెట్టి, మూట ఎత్తుకునింది.

"అమ్మా, ఇందాక నేనన్న మాట..." అని గొణిగినాడు గోవిందరాజులు.

"ఇంకు డబ్బా జాగ్రత్త నాయనా," అనేసి బస్సెక్కింది.

సాయంత్రం బళ్ళో నళిని కాగితాలు పంచింది. అంబిక తన కాగితం మీద మొగాన్ని వేలితో తడిమింది. చెమట పట్టిన వేలికి నలుపంటింది.

"ఎవరు మిస్ దిద్దింది?"

"ఎవరో ఆఫ్రికా ఆమె. బస్టాండులో కనపడింది."

"యాడుండాది ఇప్పుడు?"

"రైలుకి పోయింది."

అంబిక ఎడమకాలు ఈడ్చుకుంటా పరిగెత్తింది. గేటు కమ్మీలు పట్టుకుని రోడ్డు వైపు చూస్తా నిలబడింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

వెనకాలే వచ్చిన నళిని తన చేతిలోని కాగితం చూసింది. అంబిక కాలు చూసింది. మళ్ళీ కాగితం చూసింది.

"ఆస్పత్రిలో పక్కమంచం అత్త మిస్," అనింది అంబిక, తల తిప్పకుండానే. "నన్ను గీసింది ఆయమ్మే."