బయటికి పోదాం రా

"లే తోర్మోద్, బయటికి పోదాం రా."

హాల్వార్ ఆ మాట అనడం ఆ వారంలో ఆరోసారి. గడియారంలో పగలు పదకొండున్నర. కిటికీ బయట ఇంకా మసక చీకటే. నార్వే ఉత్తరపు కొసన ఉన్న ఆ దీవిలో నవంబరు ఆఖరున మునిగిన సూర్యుడు మళ్ళీ జనవరి మూడో వారానికిగానీ మొహం చూపించడు.

"బయటేముంది? ఇక్కడున్న చీకటే అక్కడా ఉంది," అన్నాడు తోర్మోద్ విసుగ్గా.

"అక్కడిది పెద్దది."

తోర్మోద్‌కి ఒళ్ళు మండింది. దక్షిణాది పట్నంలో పెరిగిన మనిషి. ఉద్యోగం ఇక్కడికి తోసింది. నిద్ర పట్టక, తిండి సయించక, ముప్ఫై నాలుగేళ్ళకే సగమైపోయాడు. బదిలీకి మూడు అర్జీలు పెట్టాడు. ఒక్కదానికీ జవాబు లేదు.

అరవై దాటిన హాల్వార్‌కి ఇది ఇక్కడ తొమ్మిదో చలికాలం. లేస్తూనే పొయ్యి రాజేస్తాడు. ఏలకుల బన్నులు కాలుస్తాడు. బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, ఉన్ని మేజోళ్ళు అల్లుకుంటూ ఈల వేస్తాడు. ఆ ఈల వింటే తోర్మోద్‌కి చిర్రెత్తుకొచ్చేది.

"ఎలా బతకబుద్ధవుతుందయ్యా నీకిక్కడ?"

"ఎప్పుడు తెల్లారుతుందా అని చూస్తూ కూర్చుంటే చీకటి రెండింతలవుతుంది తమ్ముడూ. నేను చూడ్డం మానేశాను. లే, నువ్వు రాకపోతే నేనూ పోలేను."

పోరు పడలేక తోర్మోద్ లేచాడు. నుదుటికి దీపం కట్టుకుని, గొణుగుతూనే మంచు మీద జారే స్కీలు తొడుక్కున్నాడు.

గంటసేపు బాగానే సాగింది. దక్షిణాన ఆకాశం అంచు నీలంగా వెలిగింది. అది చూసి తోర్మోద్ తిట్టడం కూడా మర్చిపోయాడు. అంతలో, రేవు వైపు దిగే వాలులో స్కీ రాయికి కొట్టుకుంది. మోకాలు మెలితిరిగింది. దీపం పగిలింది. ఫోను పనిచేయని చోటు.

"అంతా నీవల్లే! పొయ్యి దగ్గర నా మానాన నేను పడుంటే!" అని అరిచాడు.

కింద రేవులో మోటారు పడవ ఒకటి ఊగుతోంది. నీళ్ళకవతల ఊరి దీపాలు కనిపిస్తున్నాయి. హాల్వార్ అటే చూస్తూ నిలబడిపోయాడు. చాలాసేపు.

తోర్మోద్ మోచేతుల మీద లేవబోయాడు.

"హాల్వార్... వెళ్ళిపోకు."

హాల్వార్ ఉలిక్కిపడినట్టు ఇటు తిరిగాడు.

"ఊరుకో. బన్నుల పిండి పొంగడానికి పెట్టొచ్చాను," అన్నాడు.

రెండు జతల స్కీలనీ తాడుతో కలిపి కట్టాడు. తోర్మోద్‌ని వాటిమీద పడుకోబెట్టి ఎగువకి లాగాడు. రెండు గంటలు. దారి పొడవునా తోర్మోద్ అతన్నీ, మంచునీ, బదిలీ ఇవ్వని పైవాళ్ళనీ తిడుతూనే ఉన్నాడు. హాల్వార్ రొప్పుతూనే ఈల వేశాడు.

వంటగదిలోకి చేర్చి, మోకాలికి కట్టు కట్టాడు. కాఫీ పోశాడు. పొయ్యిలోంచి తీసిన బన్ను చేతిలో పెట్టాడు.

"మళ్ళీ నీతో వస్తే ఒట్టు," అన్నాడు తోర్మోద్, నోటినిండా బన్నుతో.

"మోకాలు తగ్గనీ, చూద్దాం."

సాయంత్రం ఆరు కాగానే తోర్మోద్ కుంటుకుంటూ లేచి, హాల్వార్‌ని అతని గదిలోకి పంపి, జైలు నిబంధన ప్రకారం బయటినుంచి తాళం వేశాడు.